ఆత్మకూరు పరిసరాల్లో సైకిలు ప్రయాణం: నల్లమల అంచు దారులు

నంద్యాల జిల్లా ఆత్మకూరు నల్లమల కొండల పడమటి అంచున ఉన్న పట్టణం. ఇక్కడి నుంచి దక్షిణంగా వెలుగోడు, బండి ఆత్మకూరు, మహానందిల వైపు, వాయవ్యంగా కృష్ణా తీరంలోని సంగమేశ్వరం వైపు, పడమరగా నందికొట్కూరు, కర్నూలు వైపు, తూర్పుగా అడవి మధ్యలోంచి దోర్నాల వైపు దారులు వెళతాయి. అడవి దారి తప్ప మిగిలినవన్నీ చెరువులు, కాలువలు, పంటపొలాలు, పాత గుడుల మధ్యనే సాగుతాయి. పెద్ద రహదారులను తప్పించి పల్లె రోడ్లు పట్టుకుంటే, ట్రాక్టర్లు, గొర్రెల మందలు, ఒకటీ అరా ఆర్టీసీ బస్సులు తప్ప పెద్దగా రద్దీ కనబడదు. కొండను చూస్తూ పోవచ్చు, కొండ ఎక్కనక్కర్లేదు. ఈ ప్రాంతం సైకిలుకు అనువైనది కావడానికి అసలు కారణం ఇదే.

ఈ దారుల మీద సైకిలు ఎన్నో తరాలుగా తిరుగుతోంది. పొలానికి, సంతకు, బడికి, తిరునాళ్లకు సైకిలే వాహనంగా ఉన్న కాలం ఇక్కడ చాలామందికి గుర్తే. ఊళ్లు చూడటానికి, చరిత్ర తెలుసుకోవడానికి, ఆరోగ్యం కోసం దూరప్రయాణం చేసే అలవాటు మాత్రం ఇటీవలిది. ఈ రెండు అలవాట్లకూ ఆధారమైన నేలను, చరిత్రను, మార్గాలను, జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉనికి

తెలుగు నేల మీద ఆత్మకూరు అనే పేరున్న ఊళ్లు చాలా ఉన్నాయి. నెల్లూరు, అనంతపురం, వనపర్తి జిల్లాల్లోనూ ఆత్మకూరులున్నాయి. ఈ వ్యాసంలోని ఆత్మకూరు పూర్వపు కర్నూలు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు ఇది రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. దక్షిణాన ఉన్న బండి ఆత్మకూరు మరో మండల కేంద్రం. కొత్తగా వచ్చినవారు ఈ రెండింటినీ ఒకటిగా పొరబడుతుంటారు.

ఆత్మకూరు నుంచి కర్నూలు సుమారు 70 కి.మీ., వెలుగోడు సుమారు 20 కి.మీ., నంద్యాల సుమారు 60 కి.మీ., దోర్నాల 50 కి.మీ. పైచిలుకు. దగ్గరి పెద్ద రైల్వే స్టేషన్ నంద్యాల, అది గుంతకల్లు–గుంటూరు మార్గంలో ఉంది. విమానాశ్రయం కర్నూలు–నంద్యాల రోడ్డు మీద ఓర్వకల్లు దగ్గర ఉంది. 2021 మార్చిలో మొదలైన ఆ విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు.

నేల తీరు

పూర్వపు కర్నూలు జిల్లా నడిభాగాన రెండు కొండల వరుసలు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల. రెండింటి నడుమ కుందేరు లోయ. కుందూ అని కూడా పిలిచే ఈ ఏరు దక్షిణంగా పారి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. నల్లమల సగటు ఎత్తు 500 మీటర్లకు కాస్త పైన. భైరానికొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం శిఖరాలు 900 మీటర్లు దాటుతాయి. ఎర్రమల అంతకంటే పొట్టివి, పైభాగం బల్లపరుపుగా ఉండే గుట్టలు.

భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ నేలంతటినీ కడప బేసిన్ అంటారు. నల్లమలలో గట్టి క్వార్ట్‌జైటు, పలకరాయి పొరలు ముడతలు పడి కొండలుగా లేచాయి. లోయలో, ఎర్రమలలో సున్నపురాయి, షేలు పొరలు ఎక్కువగా అడ్డంగానే పరుచుకుని ఉన్నాయి. ఈ పొరలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లు బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. అన్నీ ఇక్కడి ఊళ్ల పేర్లే. సున్నపురాయి కరగడం వల్లనే బెలుం, యాగంటి, బిల్లసర్గం గుహలు ఏర్పడ్డాయి. బేతంచెర్ల బండలు ఇళ్లలో నేలకు పరిచే నాపరాళ్లయ్యాయి. లోయ అడుగున నల్లరేగడి, కొండ అంచున ఎర్రనేల ఉంటాయి.

సైకిలు తొక్కేవారికి ఈ వివరాలన్నీ పనికొస్తాయి. లోయ పొడవునా, అంటే ఉత్తర దక్షిణాలుగా పోతే దారి దాదాపు సమతలం. అడ్డంగా, తూర్పు పడమరలుగా పోతేనే ఎక్కుడు తగులుతుంది. ఎర్రనేల మీది మట్టిబాట వాన పడ్డాక కూడా త్వరగా ఆరుతుంది. నల్లరేగడి బాట తడిస్తే ఆ రోజుకు సైకిలు ముందుకు సాగదు. బురద చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య గట్టిగా ఇరుక్కుంటుంది.

దారుల పూర్వచరిత్ర

ఈ ప్రాంతపు దారులన్నింటికీ మూలం శ్రీశైల యాత్ర. రాయలసీమ నుంచి, కన్నడ దేశం నుంచి వచ్చే భక్తులకు ఆత్మకూరు అడవిలోకి అడుగుపెట్టే ముందు చివరి పెద్ద ఊరు. ఊరి దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా నలభై కిలోమీటర్లకు పైగా నడిచి శ్రీశైలం చేరతారు. శివరాత్రికి, ఉగాదికి ఇప్పటికీ వేలమంది ఈ దారినే నడుస్తారు. ఉగాది యాత్రికుల్లో కర్ణాటక వారే ఎక్కువ. వారు శ్రీశైలంలోని అమ్మవారు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావిస్తారు. నాగలూటి దగ్గర వీరభద్రుడి గుడి, అక్కడి నుంచి కొండ మీదికి రాతి మెట్లు ఉన్నాయి. 14వ శతాబ్దంలో కొండవీటి రాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించినట్లు చరిత్ర చెబుతోంది. 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో శ్రీశైల యాత్రికుల కష్టాలను, ఉత్సాహాన్ని విస్తారంగా వర్ణించాడు.

కొండ అంచు దారికి విలువైన సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఆయన కడప దాటి అహోబిలం, మహానంది, ఆత్మకూరుల మీదుగా శ్రీశైలం చేరాడు. దారిలోని ఊళ్లు, నీటి వసతి, మజిలీలు, కందనూరు (కర్నూలు) నవాబు యాత్రికుల దగ్గర వసూలు చేసిన సుంకం అన్నీ రాసుకున్నాడు. ఆయన పల్లకీ సాగిన వరుసనే ఇప్పుడు సైకిలు మీద దాదాపుగా పట్టుకుని పోవచ్చు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట కూడా ప్రయాణికులు కొండ ఎక్కకుండా దాని పాదాల వెంటనే పోయారని ఆ పుస్తకం వల్ల తెలుస్తుంది. అక్కడే నీళ్లు దొరుకుతాయి. అక్కడే ఊళ్లున్నాయి.

తర్వాతి కాలంలో కాలువలు కూడా ఇదే తర్కాన్ని అనుసరించాయి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరే కర్నూలు–కడప కాలువను 1863–1870 మధ్య మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. సుమారు 300 కి.మీ. పొడవున్న ఈ కాలువను 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. మొదట సాగునీటితో పాటు పడవల రాకపోకల కోసం కూడా తలపెట్టిన కాలువ ఇది. దాని మీది లాకుల వల్లనే లాకిన్సుల వంటి చోట్లకు ఆ పేర్లొచ్చాయి. నూరేళ్ల తర్వాత తెలుగుగంగ వచ్చింది. శ్రీశైలం జలాశయం నీళ్లు పోతిరెడ్డిపాడు తూముల నుంచి బనకచెర్లకు, అక్కడి నుంచి వెలుగోడు జలాశయానికి, ఆపైన నల్లమల పాదాల వెంట ఆళ్లగడ్డ, మైదుకూరు ప్రాంతాల మీదుగా బ్రహ్మంసాగర్‌కు చేరతాయి. అలా సోమశిల, కండలేరు దాటి 1996 నాటికి చెన్నై నగరపు పూండి చెరువు దాకా వెళ్లాయి. పంపు లేకుండా నీటిని నడిపించాలంటే అతి తక్కువ వాలు వెతకాలి. మనిషి కాళ్ల బలంతో నడిచే సైకిలుకు కూడా కావలసింది అదే వాలు. అందుకే కాలువ పోయిన చోటల్లా దాని పక్కన సైకిలు దారి కూడా సుఖంగా సాగుతుంది.

సైకిలు రాక

రెండు చక్రాలూ సమానంగా ఉండి, చైనుతో నడిచే సైకిలు 1885లో ఇంగ్లండులో తయారైంది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక గతుకుల రోడ్డు మీద కూడా తొక్కడం సాధ్యమైంది. మన దేశంలో స్వాతంత్ర్యం తర్వాత మద్రాసు దగ్గర అంబత్తూరులో హెర్క్యులిస్, సోనీపట్‌లో అట్లాస్, అసన్‌సోల్‌లో ర్యాలీ, లుధియానాలో హీరో సైకిళ్ల తయారీ మొదలైంది. ఆ తర్వాతనే సీమ పల్లెల్లో సైకిలు మధ్యతరగతి రైతు ఇంటి వస్తువైంది. పెళ్లిలో అల్లుడికి సైకిలు, వాచీ పెట్టడం ఒక తరం పాటు ఆనవాయితీగా సాగింది. ప్రతి పెద్ద ఊళ్లో గంటకింత అని అద్దెకిచ్చే సైకిలు షాపు ఉండేది. పిల్లలు సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం అక్కడే నేర్చుకున్నారు. పాలక్యాన్లు, గడ్డిమోపులు, మూటలు మోసిందీ సైకిలే.

మోటారు సైకిళ్లు పెరిగాక సైకిలు పల్లెలో పేదవాడి బండిగా, పిల్లల బండిగా మిగిలింది. రాష్ట్ర ప్రభుత్వం బడికొస్తా పేరుతో ఉన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్లు ఇవ్వడం ఈ మధ్యకాలంలో చెప్పుకోదగిన పరిణామం. హైస్కూలు లేని ఊరి ఆడపిల్ల పక్క ఊరి బడికి సొంతంగా వెళ్లిరావడానికి అది ఆసరా అయింది. మరోవైపు హైదరాబాదు వంటి నగరాల్లో గేర్ల సైకిళ్ల మీద దూరప్రయాణాలు చేసేవారు పెరిగారు. 200, 300, 400, 600 కి.మీ. దూరాలను నిర్ణీత సమయంలో పూర్తిచేసే బ్రెవే సవారీలు వారికి పరిచయం. 200 కి.మీ.కు గడువు 13 గంటల 30 నిమిషాలు. నల్లమల అంచు దారులకు మాత్రం అంత వేగం అక్కరలేదు. ఇక్కడ రోజుకు 40–60 కి.మీ. తొక్కి, మిగిలిన వేళ ఊళ్లు చూడటం మేలు.

ప్రధాన మార్గాలు

కొండ అంచు దారి. ఆత్మకూరు–వెలుగోడు–బండి ఆత్మకూరు–మహానంది–నంద్యాల. ఈ ప్రాంతపు మార్గాల్లో ఉత్తమమైనది ఇదే. ఎడమ పక్క నల్లమల గోడలా తోడు వస్తుంది, కుడి పక్క కుందేరు లోయ పొలాలు పరుచుకుని ఉంటాయి. వెలుగోడు వైపు పోతుంటే నల్లకాలువ తగులుతుంది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన పావురాలగుట్ట ఈ వైపు అడవిలోనే ఉంది. నల్లకాలువ దగ్గర ఆయన పేరిట స్మృతివనం పెంచారు. వెలుగోడు జలాశయం మనుషులు కట్టినది, దాదాపు 17 టీఎంసీల నీళ్లు పడుతుంది. దాని వెనక కొండలు నీళ్లలో కనిపించే పొద్దుటి వేళ ఈ దారికి ప్రత్యేక ఆకర్షణ. బండి ఆత్మకూరు దగ్గర ఓంకారం, ఇంకా దిగువన మహానంది కొండ పాదాన ఊటల పక్కన వెలసిన క్షేత్రాలు. మహానంది గుడి విమానం బాదామి చాళుక్యుల కాలపు శైలిలో ఉంటుంది. అక్కడి కోనేటి నీళ్లు అడుగున పడ్డ నాణెం కనిపించేంత తేటగా ఉంటాయి, ఆ ఊట చుట్టుపక్కల అరటి తోటలకు, వరి మళ్లకు పారుతుంది. నంద్యాల చుట్టూ ఉన్న ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది, సూర్య నంది, శివ నంది, విష్ణు నంది, గరుడ నంది, వినాయక నంది, మహానందులను కలిపి నవనందులంటారు. ఒక రోజులో నవనందులూ దర్శించాలనే ఆచారం ఉంది. మహానందిలో బస చేసినవారు సైకిలు మీద దాన్ని తీరిగ్గా పూర్తిచేయవచ్చు.

సంగమేశ్వరం దారి. ఆత్మకూరు నుంచి కొత్తపల్లె వైపు వెళ్లే ఈ దారిలో రెండు ముఖ్య స్థలాలున్నాయి. మొదటిది శివపురం దగ్గర కొలనుభారతి. చారుఘోషిణి వాగు ఒడ్డున, అడవి అంచున ఉన్న సరస్వతి గుడి ఇది. పక్కనే పాత శివాలయాల వరుస ఉంది. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి చుట్టుపక్కల జిల్లాల నుంచి వస్తారు. రెండోది సంగమేశ్వరం. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అనే ఏడు నదులు కలిసే చోటుగా దీన్ని సప్తనదీ సంగమం అంటారు. వీటిలో భవనాశి నల్లమలలో పుట్టిన వాగు. గర్భగుడిలోని లింగం వేప మొద్దుతో చేసింది. దాన్ని ధర్మరాజు ప్రతిష్ఠించాడని ఐతిహ్యం. శ్రీశైలం జలాశయం నిండాక గుడి నీటిలో మునిగింది. చాలా ఏళ్లు కనిపించకుండా పోయి, 2003 ప్రాంతంలో నీటిమట్టం బాగా తగ్గినప్పుడు మళ్లీ వెలుగుచూసింది. అప్పటి నుంచి ఏటా ఎండాకాలంలో కొన్ని నెలలు మాత్రమే పూజలు జరుగుతాయి. ఈ తీరంలోని రూపాల సంగమేశ్వరాలయాన్ని ముంపుకు ముందే రాయి రాయిగా విప్పి కర్నూలు జగన్నాథగట్టు మీద తిరిగి కట్టారు. గుడి తేలే కాలం, ఎండ మండే కాలం ఒకటే కాబట్టి సంగమేశ్వరానికి పోయేవారు తెల్లవారక ముందే బయల్దేరి ఎనిమిదింటికల్లా అక్కడ ఉండాలి.

కర్నూలు దారి. ఆత్మకూరు–కరివేన–జూపాడు బంగ్లా–నందికొట్కూరు–కర్నూలు. కరివేన శ్రీశైల యాత్రికులకు అన్నం పెట్టిన ఊరు. ఆ ఊరి పేరుతో నడిచే నిత్యాన్నదాన సత్రాలు శ్రీశైలం, మహానంది వంటి క్షేత్రాల్లో ఉన్నాయి. జూపాడు బంగ్లా మండలంలోని పోతిరెడ్డిపాడు, పాములపాడు మండలంలోని బనకచెర్ల నీటిపారుదల చరిత్రలో పెద్ద పేర్లు. కృష్ణా జలాలు మూడు పాయలుగా విడిపోయి తెలుగుగంగకు, శ్రీశైలం కుడిగట్టు కాలువకు, కుందేరు వైపు మళ్లే చోటు బనకచెర్ల. నందికొట్కూరు ప్రాంతంలో తుంగభద్ర ఒడ్డున ఉన్న శాతానికోటలో భారత పురావస్తు శాఖ తవ్వకాల్లో శాతవాహనుల నాటి కోట గోడ, ముఖద్వారం బయటపడ్డాయి. ప్రధాన రోడ్డు మీద వాహనాలు ఎక్కువ కాబట్టి ఈ స్థలాలను కలిపే పల్లె రోడ్లనే ఎంచుకోవాలి. దక్షిణంగా మిడుతూరు మండలంలో రోళ్లపాడు అభయారణ్యం ఉంది. బట్టమేక పిట్టను కాపాడటానికి 1988లో ఏర్పాటైన ఈ గడ్డిభూమి విస్తీర్ణం సుమారు 6 చదరపు కిలోమీటర్లు. బట్టమేక పిట్ట కనుమరుగయ్యే స్థితికి వచ్చినా, కృష్ణజింకలు, గడ్డిభూముల పక్షులు నేటికీ కనిపిస్తాయి.

దోర్నాల అడవి దారి. ఆత్మకూరు నుంచి బైర్లూటి మీదుగా దోర్నాలకు పోయే రోడ్డు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. మలుపులు, ఎత్తుపల్లాలు, వెదురు, టేకు చెట్ల నీడ ఈ దారి అందం. ఒంటరిగా సైకిలు మీద పోవడానికి మాత్రం ఇది తగిన దారి కాదు. కారణాలు కింద నియమాల భాగంలో ఉన్నాయి.

ఎర్రమల చుట్టు. నంద్యాల–పాణ్యం–బనగానపల్లె–యాగంటి–అవుకు–బెలుం–కోవెలకుంట్ల–నంద్యాల. రెండు మూడు రోజుల ప్రయాణం. బనగానపల్లె 1948 వరకు సంస్థానం. మామిడి పండు వల్ల ఆ ఊరి పేరు దేశమంతటికీ తెలుసు. యాగంటిలో విజయనగర కాలపు ఉమామహేశ్వరాలయం, పెరుగుతున్నదని నమ్మే బసవన్న, అగస్త్య కోనేరు, సహజ గుహలు ఉన్నాయి. బెలుం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ గుర్తించాడు. 1982–83లో జర్మన్ బృందం కొలిచింది. 3,229 మీటర్ల పొడవు లెక్కతేలిన ఈ గుహలు పర్యాటకులకు 2002లో తెరుచుకున్నాయి. కోవెలకుంట్ల ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చరిత్రతో ముడిపడిన ఊరు. 1846లో కుంఫిణీ పాలన మీద తిరగబడ్డ ఆయనను 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఉరితీశారు.

కడప వైపు. కొండ అంచు దారిని దక్షిణంగా పొడిగిస్తే నంద్యాల, ఆళ్లగడ్డ, అహోబిలం, మైదుకూరు, బ్రహ్మంగారి మఠం వరుసగా వస్తాయి. ఆళ్లగడ్డ రాతి శిల్పులకు ప్రసిద్ధి, రోడ్డు పక్కనే ఉలి చప్పుళ్లు వినిపిస్తాయి. దిగువ అహోబిలం దాకా రోడ్డు సమతలంగా ఉంటుంది. ఎగువ అహోబిలానికి మాత్రం గట్టి ఎక్కుడు. నవ నారసింహ క్షేత్రాల్లో మిగిలినవాటిలో చాలావాటికి కాలినడకే. మైదుకూరు నుంచి పడమరగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చేరితే గండికోట. ఎర్రమలను చీల్చుకుని పెన్న తవ్విన లోయ అంచున నిలిచిన ఆ కోటను పెమ్మసాని నాయకులు ఏలారు. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో 6వ శతాబ్ది చివరి పాదానికి చెందిన, రేనాటి చోళుల తెలుగు శాసనం దొరికింది. ఇప్పటికి తెలిసిన తొలి తెలుగు శాసనాల్లో అది ఒకటి. తెలుగు చదవగలిగిన ప్రతివారూ ఒక్కసారైనా చూడవలసిన పల్లె అది.

పల్లెల్లో చూడదగినవి

పేరున్న క్షేత్రాలతో పాటు దారిలోని మామూలు ఊళ్లలో కూడా చరిత్ర దాగి ఉంది. నాపరాతి గోడల మీద మట్టి కప్పిన మిద్దె ఇళ్లు ఈ సీమ వాస్తు. ఎండను తట్టుకునే ఆ ఇళ్లు క్రమంగా తగ్గిపోతున్నాయి. చాలా ఊళ్లలో దోపిడీల కాలంలో ఊరి రక్షణకు కట్టుకున్న బురుజులు నిలిచి ఉన్నాయి. ఊరి మొగదల వీరగల్లు, నడిబొడ్డున బొడ్రాయి, వేపచెట్టు కింద రచ్చకట్ట, పక్కనే పీర్ల చావిడి చూడవచ్చు. మొహర్రం నాడు హిందువులు, ముస్లింలు కలిసి పీర్లను ఎత్తే ఆచారం ఈ జిల్లాల్లో గట్టిగా ఉంది. దిగుడుబావులు, చెరువు తూములు, వాటి మీద చెక్కిన శాసనాలు సైకిలు దిగి చూసేవారికే కనిపిస్తాయి. రచ్చకట్ట మీద కూర్చున్న పెద్దలను పలకరిస్తే ఏ పుస్తకంలోనూ లేని ఊరి కథ తెలుస్తుంది.

కాలం, గాలి, ఎండ

ఈ ప్రాంతంలో సగటు వర్షపాతం ఏడాదికి 700 మి.మీ. లోపే. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు సైకిలుకు ఉత్తమ కాలం. కాలువల్లో నీళ్లుంటాయి, పొలాల్లో శనగ, జొన్న, మిరప, వరి ఉంటాయి, ఉదయాలు చల్లగా ఉంటాయి. మార్చి తర్వాత పొద్దున పది దాటితే తొక్కకూడదు. మే నెలలో 42 డిగ్రీలు దాటడం మామూలే.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడమటి గాలి బలంగా వీస్తుంది. ఆ నెలల్లో కర్నూలు నుంచి ఆత్మకూరుకు రావడం సులువు. గాలే వెనకనుంచి తోస్తుంది. తిరుగు ప్రయాణానికి దాదాపు రెట్టింపు శ్రమ పడుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో వాగులు పొంగుతాయి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే మోకాలి లోతు అయినా దాటకూడదు.

సైకిలు, సరంజామా

కొండ అంచు దారికి గేర్లు లేని మామూలు సైకిలు చాలు. అహోబిలం, గండికోట, ఎర్రమల ఎక్కుళ్లకు గేర్లుంటే సుఖం. సన్నని రేసింగ్ టైర్ల కంటే కాస్త వెడల్పు టైర్లు మంచివి. ఇక్కడి రోడ్ల మీద పెద్ద శత్రువులు రెండు. ఒకటి సర్కారు తుమ్మ ముల్లు, రెండోది పల్లేరు కాయ. రోడ్డు అంచున మట్టిలోకి దిగితే ఈ రెండూ టైరులో దిగబడతాయి. రెండు అదనపు ట్యూబులు, పంపు, ప్యాచీలు, సొల్యూషన్, టైరు లివర్లు వెంట ఉండాలి. పంక్చరు షాపు దొరికితే టైరు లోపల వేళ్లతో తడిమి మిగిలిన ముల్లు తీయించాకే కొత్త ట్యూబు ఎక్కించుకోవాలి. ముల్లు లోపలే ఉంటే మళ్లీ పంక్చరు తప్పదు. గేర్ల సైకిళ్ల విడిభాగాలు చిన్న ఊళ్లలో దొరకవు. నంద్యాల, కర్నూలు వెళ్లాలి.

పంట నూర్పిళ్ల కాలంలో రైతులు కంకులను, కొర్రలను, మొక్కజొన్నను తారురోడ్డు మీదే ఆరబోస్తారు. వాటి మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. దిగి నడిపించుకుని పోవడమే క్షేమం, రైతు పంటకూ మర్యాద. కాలువ కట్టల మీది బాటలు నీటిపారుదల శాఖవి. అనుమతి ఉన్న చోటే పోవాలి. కాలువ ఒడ్డు నిటారుగా ఉంటుంది, లోతు ఎక్కువ, కాబట్టి ఈతకు దిగకూడదు. హెల్మెట్టు, వెనక ఎర్ర దీపం, మెరిసే పట్టీలు తప్పనిసరి.

అడవి, వన్యప్రాణులు, నియమాలు

నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. దేశంలోని అతి పెద్ద పులుల అభయారణ్యాల్లో ఇది ఒకటి. ఆత్మకూరు దాని అటవీ డివిజన్లలో ఒకదానికి కేంద్రం. పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క, దుప్పి, కణితి ఇక్కడి వాసులు. దోర్నాల రోడ్డు మీద రాత్రివేళ రాకపోకలపై ఆంక్షలు ఉంటాయి. తెల్లవారుజామున, సంధ్యవేళ జంతువులు రోడ్డు దాటుతాయి. చప్పుడు లేకుండా వచ్చే సైకిలు వాటికి హఠాత్తుగా ఎదురుపడుతుంది. ఎలుగుబంటికి అలా ఎదురుపడితే అది మీద పడే ప్రమాదముంది. అందువల్ల పగటి పూట, గుంపుగా, అటవీ సిబ్బందికి చెప్పి మాత్రమే ఈ దారిలో పోవాలి. నాగలూటి, పెచ్చెరువు వంటి లోపలి బాటల్లో అనుమతి లేకుండా సైకిలుతో ప్రవేశించరాదు. అడవిని చూడాలనుకునేవారికి బైర్లూటిలో అటవీ శాఖ నడిపే శిబిరం, వాహన సఫారీ ఉన్నాయి.

బైర్లూటి, నాగలూటి చుట్టూ చెంచు గూడేలున్నాయి. నల్లమల చెంచులది ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించిన ఆదిమ గిరిజన తెగ. తేనె, చింతపండు, నన్నారి గడ్డలు సేకరించి జీవించే వీరి గూడెంలోకి పిలవకుండా పోవడం, అడగకుండా ఫొటోలు తీయడం మర్యాద కాదు.

తిండి, బస

పొద్దున్నే ఆత్మకూరు, నంద్యాల హోటళ్లలో దొరికే ఉగ్గాని, బజ్జీ ఈ ప్రాంతపు ప్రత్యేకత. బొరుగులను తడిపి తాలింపు వేసిన ఈ ఫలహారం తేలిగ్గా అరుగుతుంది, వెంటనే సత్తువ ఇస్తుంది. మధ్యాహ్నం జొన్నరొట్టె, ఎర్రకారం, రాగిసంగటి, చెనక్కాయల పొడి తింటే సాయంత్రం దాకా ఆకలి వేయదు. ఎండలో నీళ్లు ఒక్కటే తాగితే చాలదు. చెమటలో పోయిన ఉప్పు తిరిగి రావాలంటే ఉప్పు వేసిన మజ్జిగ తాగాలి. నల్లమల నన్నారి గడ్డలతో చేసిన షర్బత్ వేసవిలో ప్రతి కూడలిలో దొరుకుతుంది.

ఆత్మకూరులో, నంద్యాలలో లాడ్జీలున్నాయి. మహానంది, అహోబిలం, యాగంటి వంటి క్షేత్రాల్లో దేవస్థానం గదులు, సత్రాలు ఉంటాయి. శివరాత్రి, ఉగాది రోజుల్లో వాటిలో చోటు దొరకదు.

ఇతర దేశాల అనుభవం

బ్రిటన్‌లో 1878లోనే సైకిలు యాత్రికుల సంఘం ఏర్పడి, తక్కువ రద్దీ దారులను, బస చేయదగ్గ ఇళ్లను సభ్యులకు సూచించేది. 1995లో అక్కడ జాతీయ సైకిలు దారుల వ్యవస్థ మొదలైంది. వాడకం లేని రైలు కట్టలు, కాలువ గట్లు, పల్లె సందులను కలిపి వేల కిలోమీటర్ల మార్గం తయారుచేశారు. నెదర్లాండ్స్‌లో కాలువ గట్ల మీద కూడా సైకిలు దారులున్నాయి. మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిలు దారుల ప్రమాణాలను ఐఆర్‌సీ-11 పేరుతో 1962లోనే రూపొందించింది. గ్రామీణ రోడ్లలో వాటి అమలు అరుదు. కర్నూలు–కడప కాలువ, తెలుగుగంగ గట్లున్న ఈ సీమకు కాలువ గట్టు దారుల ఆలోచన అన్ని విధాలా తగినది.

మారుతున్న రోడ్లు

కర్నూలు–ఆత్మకూరు–దోర్నాల దారి జాతీయ రహదారి 340సీ అయింది. కల్వకుర్తి నుంచి (తెలుగుగంగ దారిలోనిది కాని మరో) సోమశిల దగ్గర కృష్ణ దాటి ఆత్మకూరు మీదుగా నంద్యాల వైపు వచ్చే దారికి 167కె సంఖ్య వచ్చింది. సోమశిల–సిద్ధేశ్వరం మధ్య కృష్ణ మీద వంతెనకు కేంద్రం 2022లో అనుమతి ఇచ్చింది. దశాబ్దాలుగా నది దాటడానికి పడవల మీదే ఆధారపడి, 2007లో జరిగిన పడవ ప్రమాదంలో పదుల మందిని పోగొట్టుకున్న తీర గ్రామాలకు ఈ వంతెన అత్యవసరం. దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ అది పూర్తయ్యాక కొండ అంచు దారి మీదికి హైదరాబాదు వైపు లారీలు, కార్లు మళ్లుతాయి. వీరాస్వామయ్య కాలం నుంచి ప్రశాంతంగా ఉన్న దారి అప్పుడు సైకిలు మీద బడికి పోయే పిల్లలకు ప్రమాదకరం కావచ్చు.

దీనికి ఖర్చు తక్కువైన మార్గాలున్నాయి. రహదారిని వెడల్పు చేసేటప్పుడే రెండు పక్కలా తారు వేసిన భుజం వదలాలి. ఊళ్ల మధ్య వేగ పరిమితి పాటించేలా చూడాలి. తెలుగుగంగ, కర్నూలు–కడప కాలువల తనిఖీ బాటల్లో అనువైనవాటిని కంచె వేసి సైకిళ్లకు తెరవాలి. చెట్లు నరికిన చోట వేప, చింత, కానుగ నాటాలి. ఇవన్నీ యాత్రికుల కోసం మాత్రమే కాదు. రోజూ ఈ రోడ్ల మీద సైకిలు తొక్కే విద్యార్థి, కూలి, పాలవ్యాపారి ముందుగా లాభపడతారు. రహదారి పనులు పూర్తయ్యాక మార్పులు చేయడం కష్టం కాబట్టి, నంద్యాల, కడప జిల్లాల ప్రజాప్రతినిధులు, ఇంజనీర్లు, పంచాయతీలు ఇప్పుడే ఈ విషయం పట్టించుకోవాలి.